డాక్టర్ హూ కథ హద్దు దాటిందా?

పోతన భాగవతాన్ని గురించో, వేమనను గురించో వ్యాసం రావలసిన ఈ పుటలలో ఒక ఇంగ్లీషు టెలివిజన్ కథను గురించి వ్రాస్తున్నందుకు పెద్దలు మమ్మల్ని మన్నించాలి. అందుకు కారణం ఉన్నది. మా ఆదివారం తెలుగు తరగతిలో గుణింతాలు దిద్దవలసిన వేళ పిల్లలు రెండు పక్షాలుగా చీలి గట్టిగా వాదించుకున్నారు. విషయమేమని అడిగితే 'డాక్టర్ హూ' అన్నారు. ఆ కథ హద్దు దాటిపోయిందని ఒక పక్షం, కథకు హద్దేమిటని రెండవ పక్షం. కసరి కూర్చోబెట్టబోయిన మేమే చివరికి ఆ వాదంలో దిగాము. కొన్ని సంవత్సరాలుగా ఇంగ్లండులోనూ ఇతర దేశాలలోనూ ఆ ధారావాహిక అభిమానుల మధ్య సాగుతున్న వాదమే అది. చూడబోతే అది ఒక కట్టుకథను గురించిన వాదం మాత్రమే కాదు. మన ఇళ్ళలోనూ ఆ ప్రశ్న ఉన్నది.

తెలియనివారి కోసం ముందు నాలుగు మాటలు. ఈ ధారావాహికను 1963 నవంబరు 23న బి.బి.సి. ప్రారంభించింది. మొదటి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే యువతి. 1989లో ఆగిపోయింది. 1996లో ఒక్క చిత్రంగా కనిపించి, 2005లో మళ్ళీ మొదలైంది. కథానాయకుడికి పేరు లేదు. అందరూ డాక్టర్ అంటారు. నీలిరంగు పోలీసు పెట్టె ఆకారంలో ఉన్న వాహనంలో కాలంలోనూ ఆకాశంలోనూ తిరుగుతూ, ఆపదలో ఉన్నవారికి అడ్డం పడడం అతని పని. ప్రాణం పోయే స్థితి వచ్చినప్పుడు అతని దేహం మారిపోతుంది. మన కథలలోని పరకాయ ప్రవేశం వంటిది కాదిది. ఇంకొకరి శరీరంలోకి వెళ్ళడం కాదు, తన శరీరమే కొత్త ముఖంతో, కొత్త స్వభావంతో లేస్తుంది. జ్ఞాపకాలు మాత్రం పాతవే.

మా బాల్యంలో దీనిని మేము చూడలేదు. దక్షిణాఫ్రికాకు టెలివిజన్ వచ్చిందే 1976లో. వర్ణవివక్ష కారణంగా బ్రిటిష్ నటుల సంఘం తన సభ్యులు నటించిన కార్యక్రమాలను మన దేశానికి అమ్మనివ్వలేదు. అది న్యాయమైన పనే. అందువల్ల ఈ కథ మాకు నడివయస్సులో, పిల్లల పక్కన కూర్చున్నప్పుడు పరిచయమైంది. చిన్ననాటి మమకారం లేదు గనుక తీర్పు చెప్పడం మాకు కొంత తేలిక అనుకున్నాము. ఆ అనుకోవడం పొరపాటని తరువాత తేలింది.

"హద్దు దాటింది" అనే మాట ఈ కథకు కొత్త కాదు. మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ తప్పుకున్నప్పుడు, 1966లో, అదే పాత్ర పాట్రిక్ ట్రౌటన్ రూపంలో లేచింది. కథానాయకుడి ముఖమే మార్చడం కన్నా పెద్ద సాహసం ఇంకేముంటుంది? 1969 వరకు డాక్టర్ ఏ జాతివాడో చెప్పలేదు. ఆ సంవత్సరం కాలాధిపతులు అనే జాతివాడని, వారి నుంచి పారిపోయి వచ్చాడని తెలిసింది. 1976లో రాబర్ట్ హోమ్స్ వ్రాసిన 'ది డెడ్లీ అసాసిన్' ఆ కాలాధిపతులను మహానుభావులుగా గాక, ముసలి రాజకీయ నాయకులుగా చూపింది. దేహం పన్నెండు సార్లకు మించి మారదని కూడా ఆ కథే నియమం పెట్టింది. అప్పటి అభిమానుల సంఘాధ్యక్షుడు దానిని తీవ్రంగా ఖండిస్తూ సమీక్ష వ్రాశాడు. నేడు అదే కథను అభిమానులు ఉత్తమమైన వాటిలో ఒకటిగా లెక్కిస్తున్నారు. ఆ పన్నెండు లెక్క 2013లో పూర్తయినప్పుడు, కొత్త వరమిచ్చి కథను సాగించారు. 2017లో జోడీ విటేకర్ డాక్టర్ పాత్ర ధరించింది. స్త్రీ డాక్టరా అని మళ్ళీ గోల. అంటే నిన్నటి అపచారమే నేటి ఆచారం అవుతూ వచ్చింది.

అయితే 2020 మార్చి 1న వచ్చిన 'ది టైమ్‌లెస్ చిల్డ్రన్' వీటన్నిటి కన్నా పెద్ద దుమారం లేపింది. వ్రాసినవాడు అప్పటి ప్రధాన రచయిత క్రిస్ చిబ్నల్. అందులో డాక్టర్‌కు తన పుట్టుక గురించి తెలిసినదంతా అబద్ధమని తేలుతుంది. ఆమె కాలాధిపతుల బిడ్డ కాదు. ఎక్కడి నుంచో వచ్చి, ఒంటరిగా దొరికిన అనాథ. టెక్టియున్ అనే శాస్త్రజ్ఞురాలు ఆ బిడ్డను తెచ్చి పెంచింది. బిడ్డ ఒకనాడు కొండ మీద నుంచి పడి, చనిపోకుండా వేరే రూపంతో లేచింది. ఆ రహస్యం కోసం పెంచిన తల్లే బిడ్డపై పరీక్షలు చేసింది. రూపం వెనుక రూపం అయిపోయింది. దొరికిన శక్తిని తన జాతికి ఇచ్చింది. కాలాధిపతుల వైభవమంతా అలా వచ్చినదే. తరువాత ఆ బిడ్డ జ్ఞాపకాలను తుడిచివేశారు, దస్తావేజులలో ఆమె కథను మరుగుపరచారు.

వ్యతిరేకించేవారి వాదం మూర్ఖమైనది కాదు. దానిని మేము గౌరవిస్తున్నాము. వారు చెప్పేది ఇది: డాక్టర్ గొప్పతనం అతని పుట్టుకలో లేదు. గొప్ప జాతిలో ఒక మామూలు మనిషి, ఒక పాత వాహనాన్ని దొంగిలించి పారిపోయి, దారిలో కనబడిన కష్టానికి అడ్డం నిలబడడం నేర్చుకున్నాడు. ఎవరైనా అలా కావచ్చుననే ధైర్యం ఆ కథలో ఉన్నది. ఇప్పుడు అతనినే ఆ జాతికంతటికీ మూలపురుషునిగా, సర్వశక్తికి ఊటగా చేస్తే, మంచితనం రక్తంలోనుంచి వచ్చిందని చెప్పినట్లే గదా! కులాన్ని ఓడ మీద కొంత, చెరకు తోటల్లో కొంత పోగొట్టుకున్న మనకు ఈ ఆక్షేపణ బాగా అర్థమవుతుంది. పుట్టుకను బట్టి గొప్పతనం అనే మాట మనం ఎక్కడ విన్నా అనుమానించవలసిందే.

పైగా అదే చిబ్నల్ హయాంలో 2018లో 'రోసా' అనే కథ వచ్చింది. మలోరీ బ్లాక్‌మన్, చిబ్నల్ కలిసి వ్రాశారు. 1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్గోమరీలో, బస్సులో తెల్లవానికి సీటు ఇవ్వనని కూర్చున్న రోసా పార్క్స్ కథ అది. కొంత భాగం మన కేప్‌టౌన్ వీధులలోనే చిత్రీకరించారు. తెల్లవారికి ఒక బెంచీ, ఇతరులకు ఒక బెంచీ ఉన్న రోజులను చూసిన మనకు ఆ బస్సు కొత్తది కాదు. రోసా పార్క్స్ కుట్టుపని చేసుకొని బ్రతికిన మనిషి. ఏ దివ్యశిశువూ కాదు. ఆ కథ చెప్పినవారే రెండు సంవత్సరాలు తిరగకుండా దివ్యశిశువు కథ చెప్పారేమిటని అభిమానులు అడిగితే, అడగడంలో న్యాయం ఉన్నది.

సమర్థించేవారి మాట కూడా వినాలి. వారు అంటారు: ఈ బిడ్డ దేవుడు కాదు, దోపిడీకి గురైన బిడ్డ. ఎవరో ఆమె దేహాన్ని వాడుకొని నాగరికత కట్టుకున్నారు. ఆమె పేరు తుడిచారు. ఆ మహానగరం పునాదుల కింద ఒక అనాథ ఉన్నదని చెప్పడం హద్దు దాటడం కాదు, నిజం చెప్పడం.

ఇక్కడ మా స్వంత సంగతి చెప్పక తప్పదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బను చేరిన ట్రూరో ఓడ మొదలు 1911 వరకు 1,52,184 మంది గిర్మిటులు నటాలుకు వచ్చారు. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. ఓడ జాబితాలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు వ్రాసి పెట్టారు. మా ముత్తాత విశాఖపట్నం జిల్లా నుంచి, రైతు అయిన తన తండ్రి చెయ్యి పట్టుకొని ఓడ ఎక్కాడని మా ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. పెళ్ళి సంబంధాలలో ఆ మాట చెప్పుకొని గర్వపడేవారు కూడా. కొన్నేళ్ళ క్రితం ఆ జాబితా నకలు మా చేతికి వచ్చింది. అందులో ఉన్నది ఏడేళ్ళ బాలుడు. తండ్రి పేరు వ్రాయవలసిన చోట ఏమీ లేదు. అతనిని వెంట తెచ్చిన స్త్రీది వేరే కులం, వేరే ఊరు.

మా పెద్దనాన్న ఆ కాగితం చూసి, "ఇది మన వాళ్ళది కాదు, ఎవరో గుమాస్తా తప్పు రాశాడు" అని పక్కకు నెట్టాడు. చనిపోయేవరకు ఆ మాట ఎత్తనివ్వలేదు. మా మేనత్త మాత్రం కాగితాన్ని రెండుసార్లు చదివించుకొని, "ఎవరు కన్నారో చెప్పలేదు గాని, ఎవరు పెంచారో చెప్పింది కదరా. ఆ తల్లి పేరు రాసుకోండి" అన్నది. అప్పటినుంచి పెద్దలకు దీపం పెట్టే రోజున ఆ స్త్రీ పేరు కూడా చెబుతున్నాము.

మా తరగతి పిల్లల వాదంలో మాకు పెద్దనాన్న గొంతూ, మేనత్త గొంతూ రెండూ వినబడ్డాయి. కనుక మేము తటస్థులం కాము. పుట్టుక కథ మారితే మనిషి నాశనమైపోతాడని మేము ఒప్పుకోము. మారిన తరువాత ఆ మనిషి ఏమి చేశాడు, ఎవరి పేరు చెప్పి దీపం పెట్టాడు అన్నదే మా కొలత.

ఆ కొలతతో చూస్తే 2020 నాటి కథలో లోపం స్పష్టమే. ఇంత పెద్ద నిజాన్ని డాక్టర్ తాను వెదికి కనుక్కోదు. ప్రతినాయకుడు మాస్టర్ ఎదుట నిలబడి ఉపన్యాసంలాగా చెబుతాడు, ఆమె వింటుంది. మేము బడిలో చాలాకాలంగా పాఠాలు చెబుతున్నాము. అంతసేపు పిల్లలను కదలనివ్వక చెప్పిన పాఠం ఎంత నిలుస్తుందో మాకు తెలుసు. 2021లో వచ్చిన ఆరు భాగాల కథలో పెంచిన తల్లి టెక్టియున్ తిరిగి వచ్చింది. బిడ్డ తల్లిని అడగవలసిన ప్రశ్నలు ఎన్ని! సంభాషణ మొదలైన కొద్దిసేపటికే మరొక విలన్ వచ్చి ఆమెను చంపేశాడు. పోయిన జ్ఞాపకాలన్నీ ఉన్న చిన్న గడియారం డాక్టర్ చేతికి దొరికింది. ఆమె దానిని తెరవలేదు. తనకే దొరకనంత లోతున దాచమని తన వాహనానికే అప్పగించింది. భయపడడం మానవ సహజమే. కానీ ఆ భయాన్ని గురించి కూడా రచయిత మాకు చెప్పలేదు. జాబితా నకలు తెప్పించి, పెట్టెలో పెట్టి తాళం వేసినట్లైంది. హద్దు దాటడం కాదు ఇది. హద్దు దాకా వెళ్ళి, గడప మీద నిలబడి, వెనక్కి వచ్చేయడం.

తరువాత పగ్గాలు మళ్ళీ అందుకున్న రసెల్ టి. డేవిస్ ఆ నిజాన్ని కొట్టివేయలేదు. అందుకు అతనిని మెచ్చుకోవాలి. 2023 క్రిస్మసు కథలో ఎన్‌కూటి గట్వా ధరించిన డాక్టర్, తానూ దొరికిన బిడ్డనే అని ఒప్పుకుంటాడు. చర్చి గుమ్మంలో వదిలివేయబడిన రూబీ అనే అమ్మాయి పక్కన నిలబడి ఆ మాట అంటాడు. 2020లో ఉపన్యాసానికి అందనిది ఇక్కడ ఒక్క వాక్యానికి అందింది.

ఆ రూబీ తల్లి ఎవరో దేవత, ఎవరో మహాశక్తి అని ప్రేక్షకులు నెలల తరబడి ఊహించారు. 2024 జూన్ 22న తేలిందేమిటంటే, ఆమె పదిహేనేళ్ళ వయస్సులో బిడ్డను కన్న ఒక మామూలు అమ్మాయి. చాలామంది అభిమానులు నిరాశపడ్డారు. చూడండి, 2020లో గొప్ప పుట్టుక అన్నందుకు కోపం, 2024లో మామూలు పుట్టుక అన్నందుకూ కోపం! మాకైతే ఆ దృశ్యం కంట నీరు తెప్పించింది. రూబీ ఒక కాఫీ దుకాణంలోకి వెళ్ళి, తల్లి ఎదుట నిలబడి, తానెవరో చెబుతుంది. కథలో తక్కిన లోపాలు చాలానే ఉన్నాయి. వాటిని గురించి పిల్లలు మాకన్నా బాగా చెప్పగలరు. కాని ఆ అమ్మాయి గడప దాటింది.

2025 మే 31న గట్వా ముఖం పోయి, 2005లో డాక్టర్ తోడుగా ఉన్న రోజ్ పాత్ర ధరించిన బిల్లీ పైపర్ ముఖం కనిపించేసరికి, ఇక అంతా అయిపోయిందని మళ్ళీ అన్నారు. అరవై ఏళ్ళకు పైగా అయిపోతూనే ఉన్న కథ ఇది. ఆ మాటకు మేము తొందరపడము.

మా తీర్పు ఇది. బ్రతికి ఉన్న కథ మారుతుంది, మారాలి. మూలాన్ని మార్చడం నేరం కాదు. మార్చి, ఆ మార్పు బరువును పాత్ర చేత మోయించకుండా తప్పించుకుపోవడమే నేరం. అభిమానులు "ఇది మా డాక్టర్ కాదు" అని కాగితాన్ని పక్కకు నెట్టడం తొందరపాటు. రచయిత ఆ కాగితాన్ని చూపించి మడిచి పెట్టేయడం అంతకన్నా పెద్ద తప్పు.

పిల్లలున్న ఇళ్ళలో ఈ కథలను వారితో కలిసి చూడమని, చూసి వాదించమని మా మనవి. ఓడ జాబితాలో మీ ఇంటివారి వరుస ఇంకా చూడనివారు అది కూడా చూడండి. మా అభిప్రాయంతో ఏకీభవించనివారు తప్పక వ్రాయాలి. ఈ పుటలలో వారికి చోటుంటుంది.