బాంక్ బాన్: తుదముట్టని ప్రదర్శనము

క్రీ. శ. 1848 మార్చి 15వ తేది సాయంకాలమున, పెష్ట్ నగరపు జాతీయనాటకశాలలో, కటోనా యోజెఫ్ రచించిన 'బాంక్ బాన్' ప్రజల కోరికపైఁ బ్రదర్శింపఁబడెను. (బాంక్ అనునది పేరు, బాన్ అనునది ప్రాంతాధిపతుల బిరుదము.) ఆనాఁటి యుదయముననే పిల్వాక్స్ కాఫీశాల మిత్రమండలి, అధికారుల యనుమతి లేకయే పెతోఫీ గీతమును ముద్రింపించియుండెను. రాత్రి నాటకశాలలో జనుల కోలాహలము మిన్నుముట్టి, నాటకము నడుమనే నిలిచిపోయెను. గెర్‌ట్రూడిస్ రాణి పాత్రమును ధరించిన లబొర్‌ఫల్వి రోజా, ఆ మండలిలోని యోకయి వక్షమున మువ్వన్నెల పట్టుకుచ్చు నలంకరించెనని చెప్పుదురు. ఆ యేఁటనే వారికి వివాహమయ్యెను. కథ రమ్యమే కాని, నాటకమునకు న్యాయము జరుగలేదు.

ఇతివృత్తము 1213వ సంవత్సరము నాఁటిది. రెండవ ఎండ్రె రాజు దండయాత్రకుఁ బోఁగా, రాణి పరదేశీయులగు తన వారికి దేశమును దోఁచిపెట్టుచుండును. ఆమె సోదరుఁడగు ఒట్టో, రాజప్రతినిధియగు బాంకుని భార్య మెలిందను జెఱచును. బాంకుఁడు రాణిని వధించును. ఇంతవఱకే చూచువారి కిది ప్రజాపీడనమును మాన్పిన వీరుని కథ.

కవిహృదయము వేఱు. మూఁడవ యంకమున తిబోర్త్స్ అను ముసలికాఁపు తన యాఁకలిని, రాణిపరివారపు విలాసములను ఏకరువు పెట్టును. బాంకుఁ డెదుటనే యుండియు సగము వినఁడు. భార్యకు వాటిల్లిన యవమానమే వాని మనసునఁ దిరుగుచుండును. ఒకఁడు ప్రజలదుఃఖమును జెప్పును; ఒకఁడు తన దుఃఖమును దనలోఁ దాను గొణుగుకొనును. మాటకు మాట తగులదు. ఈ యొక్క ఘట్టము చాలును, కటోనాను మహాకవి యనుటకు. రాణిని బొడిచిన చేయి దేశముకొఱకు లేచినదా, భార్యకొఱకు లేచినదా యను సంశయమునకు బీజ మిక్కడనే పడినది.

దాని ఫల మైదవ యంకమునఁ గాననగును. రాజు తిరిగి వచ్చును; మెలింద శవమును గొనివత్తురు; అది చూచి కూలిన బాంకుని రాజు దండింపఁడు. వీరము కరుణమున లీనమగును. నాయకవధము కూడదను మన లాక్షణికుల నియమమునకు సైత మిక్కడ భంగము లేదు. బ్రదికియుండుటయే వానికి దండనము.

కటోనా 1830లో మృతినొందెను. నాటకము మొదట రంగమెక్కినది 1833లో, కష్షా నగరమున. అంతకుముందు ముద్రణమున కనుమతించి ప్రదర్శనమును నిషేధించిన యధికారులకును, 1848 నాఁటి ప్రేక్షకులకును ఒకటే భ్రమ: ఇది తిరుగుబాటునకుఁ బిలుపని. వారు వెఱచిరి, వీరు హర్షించిరి. రాజు మరలివచ్చు ఘట్టమును జూడకయే ఆ యువకులు వీథులకు వెడలిపోయిరి.