ఆముక్తమాల్యదయందలి ఋతువిపరిణామము

మహాకావ్యమునందు నగరసముద్రశైలాదులతోఁ బాటు ఋతువులను గూడ వర్ణింపవలెనని దండ్యాచార్యుఁడు కావ్యాదర్శమున విధించెను. మన యాంధ్రప్రబంధకవు లా విధిని శిరసావహించిరి. అయినను ఋతువర్ణనములు మనకు సామాన్యముగా శృంగారమునకు ఉద్దీపనవిభావములుగానే పరిచితములు. వసంతము వచ్చును, కోకిల కూయును, నాయిక విరహముచేఁ దపించును. వసుచరిత్రమునందలి వసంత మీ మార్గమునకుఁ బరాకాష్ఠ. పాఠశాలలలో మేమును ఆ కొలతతోనే సర్వకావ్యములందలి ఋతువులను గొలిచి చెప్పుచు వచ్చితిమి. ఆ కొలత ఆముక్తమాల్యదకుఁ జాలదని చూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

1509 మొదలు 1529 వఱకు విజయనగరరాజ్యము నేలిన శ్రీకృష్ణదేవరాయలు రచించిన యీ యాఱాశ్వాసముల ప్రబంధమున గ్రీష్మము ద్వితీయాశ్వాసమునను, వర్షాశరత్తులు చతుర్థాశ్వాసమునను విస్తరింపఁబడినవి. వీనిపై రెండాక్షేపములు వినవచ్చుచుండును. మొదటిది, వర్ణనములు కథాగతి నడ్డగించుచున్నవని. రెండవది, తడిసిన కట్టెలు, పొగ, మేకెరువు కుంపటి మొదలగు గ్రామ్యవస్తువులు ప్రౌఢప్రబంధమున కుచితములు గావని. ఇతరులను దప్పుపట్ట నేల? ఇరువది యేండ్లకుఁ బైగా నేనును విద్యార్థుల కిట్లే చెప్పితిని.

ఒకనాఁడు తరగతిలో వర్షర్తువర్ణనమునందలి రెడ్ల పద్యమును జెప్పుచుంటిని. గురుగు, చెంచలి, తుమ్మి, లేఁదగిరిస యాకులను చింతచిగురుతోఁ గలిపి నూనెలో వేఁచి, ఆ కూరతో ఆరికెకూడు తృప్తిగాఁ దిని, పసులు పొలమునకుఁ బోఁగా, దూడలు మేను నాకుచుండఁగా, మేకెరువు కుంపటి ప్రక్కను రెడ్లు దొరతనపు నిబ్బరముతో మంచ మెక్కిరని దాని తాత్పర్యము. "కవి వీరి సోమరితనమును బరిహసించుచున్నాఁడు" అని నేను వ్యాఖ్యానించితిని. వెనుకవరుసలోని యొక కాఁపుబిడ్డ లేచి, "అయ్యవారూ, విత్తనాలు వేసినాక జడి పట్టితే మంచమెక్కక ఇంకేం చేస్తారండీ? ఆ వాన పడకపోతే మంచమెక్కడం కాదు, ఊరే వదిలిపెట్టాలి" అనెను. నాకు వెంటనే యుత్తరము తోఁపలేదు. నేను వ్యాకరణముఁ జదివినవాఁడను. వాఁడు వానను జదివినవాఁడు. ఆ రాత్రి పద్యమును మరలఁ జదువఁగా, అందుఁ గవి చూపినది సోమరితనము గాదనియు, కష్టకాలమును దాని తఱి యెఱిఁగి యంగీకరించిన వాని నెమ్మది యనియుఁ దెలిసినది.

ఈ యర్థమునకు శాస్త్రాధారము నాకు నిరుక్తమున దొరకెను. వార్ష్యాయణి మతముగా యాస్కుఁడు భావవికారముల నాఱింటిని జెప్పెను: జననము, అస్తిత్వము, విపరిణామము, వృద్ధి, అపక్షయము, వినాశము. ఇందు విపరిణామము వృద్ధికిఁ బూర్వమునఁ జెప్పఁబడినది. పుట్టినది, ఉన్నది, మాఱినది. ఆ పిమ్మటనే పెరిఁగినది. మాఱక పెరుగుటకు ఈ క్రమమునఁ జోటు లేదు. మఱియు విపరిణామ మనఁగాఁ దన తత్త్వమునుండి జాఱకయే పొందెడి వికార మని యాస్కుని వివరణము. కావున మార్పు స్వరూపనాశము గాదు. అయినను ఒక హెచ్చరిక వలయును. ఆ పట్టికయందే అపక్షయవినాశములును గలవు. ప్రతి కష్టమును వృద్ధినే కలిగించునని చెప్పుట శాస్త్రము గాదు, ముఖస్తుతి. తత్త్వము నిలిచెనా లేదా యనుటయే పరీక్ష.

ఈ పరీక్షను ప్రథమాశ్వాసమునందలి విష్ణుచిత్తుని యింటఁ బెట్టి చూతము. అతిథులకు భోజనము పెట్టుట యాతని వ్రతము. ఆ వ్రతమును గవి మూఁడు ఋతువులలోఁ జూపినాఁడు. ఆకాశము నీటిబుగ్గయై జడిపట్టిన దినములలో, పొగ కంటఁ జొరకుండ భార్య కొబ్బరిపొరియలతో మంట చేసి వండును. ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు వడ్డింపఁబడును. వేసవిలోఁ జందనము, పలుచని యంబళి, చెఱకుపాలు, ఎడనీళ్ళు, నీరుచల్ల. చలికాలమునఁ గ్రొత్తబియ్యపుటన్నము, మిరియపుఁబొడి చల్లిన వేఁడికూరలు, ముక్కు నదరఁగొట్టు ఆవపచ్చళ్ళు. వ్రతము ధాతువువంటిది, వంటకములు దాని రూపములు. ధాతువు మాఱలేదు, రూపము మాఱకున్నచో ధాతువునకుఁ బ్రయోగమే లేదు. వేసవి యంబళిని జలికాలమునఁ బోసినచో నది వ్రతభంగమే యగును.

ఇందు వడియములును వరుగులును నెట్టివో గమనింపవలయును. అవి యెండలో నెండినవి. వేసవి తాప మే యింటిని బాధించెనో, ఆ తాపమే ఆ యింట వానకాలమున నాహార మైనది. చతుర్థాశ్వాసమున దీనికిఁ బ్రతిరూపము గలదు. అక్కడ గృహిణులు నిప్పుకై యిల్లిల్లు దిరుగుదురు. దొరకిన నిప్పు రాఁజదు. రాఁజినను బొగ యిల్లు నిండును. వంట కాలాతీత మగును. వాన యందఱకు నొకటే. గ్రామ్యమని మనము త్రోసివేసిన యా పొగ లేక కొబ్బరిపొరియల విలువ తెలియదు.

ద్వితీయాశ్వాసమున గ్రీష్మవర్ణనమునకుఁ గథతో సంబంధము లేదనుటయుఁ బొసఁగదు. ఆ వేసవి రాత్రియందే మధురాధీశుఁడు మత్స్యధ్వజుఁడు భోగినీగృహమునకుఁ బోవుచు నొక బ్రాహ్మణుని నోటఁ జాటుశ్లోకము వినును. వానకాలమునకై యెనిమిది మాసములు, రాత్రికై పగలు, వార్ధకమునకై యౌవనము, పరమునకై యిహము శ్రమింపవలెనని దాని భావము. వానకాల మిందు భయహేతువు గాదు, ప్రయత్నహేతువు. ఆ మాట రాజు మనస్సును మరల్చెను. పరతత్త్వనిర్ణయమునకై యాతఁడు సభ గూర్చెను. విష్ణుచిత్తుఁడు మధురకు వచ్చుటకు నదియే కారణము. గ్రీష్మమును దీసివేసినచో కథకుఁ గీలు తొలఁగును.

ఇఁక యామునాచార్యుని వృత్తాంతము. ఆయన బాల్యముననే వాదమున గెలిచి, రాజపుత్రికను బెండ్లాడి, అర్ధరాజ్యమును బొందెను. వర్షాశరత్తులు గడచి, యేఱులు తీసి, దిగ్విజయమును జరిగెను. రాజ్యభోగమునఁ దగులువడి కులధనమును మఱచిన యాతనికి శ్రీరామమిశ్రుఁ డలర్కశాకము నొసఁగుచు దరిఁజేరి, శ్రీరంగనాథుని నిధిగాఁ జూపెను. యామునుఁడు రాజ్యమును విడిచెను. కాని విడుచుటకు ముందు కుమారునకు రాజనీతి నుపదేశించెను. ప్రబంధమున సుప్రసిద్ధమైన నీతిభాగ మిదియే. ప్రత్యయము లోపించినను, లుక్కు మున్నగు విశేషములు దప్ప, తన్నిమిత్తకార్యము జరుగునని పాణినీయుల సిద్ధాంతము. యామునుని యందు రాజత్వము లోపించెను; దాని కార్యము నీతిరూపమున నిలిచెను. వదలుకొనుట యాయనకు సులభమయ్యె నని నే ననను. సులభమైనచో నంత దీర్ఘమైన యుపదేశముతో వల పనియే యుండదు.

కావున ఆముక్తమాల్యదయందలి ఋతువులు తగిలించిన యలంకారములు గావు. ఆ కావ్యమున మనుష్యులు మాఱెడి తఱులు. పాఠ్యభాగములు గూర్చువారు పొగయు కుంపటియు గల పద్యములను విడిచి, నీతిపద్యములను మాత్రము కోసికొనుట తగదు. వానను విడిచి పంటను గోరుటవంటి దది.

మన పండితవర్గమునకును నిది జడికాలమే. సూత్రములు వల్లించు విద్యార్థులు నానాఁటికిఁ దగ్గుచున్నారు. పొగనుగూర్చి మనము చాలఁగా మాటలాడుకొంటిమి. ఎండకాలమున మన మెండఁబెట్టి దాఁచిన వరుగు లెన్ని, నేఁడు గుమ్మమునకు వచ్చిన యతిథి కేది తగును అను ప్రశ్నలు మిగిలియున్నవి. నా మట్టునకు నేను రెడ్ల పద్యమునకు వెనుక వ్రాసికొన్న వ్యాఖ్యను గొట్టివేసి, ఆ కాఁపుబిడ్డ చెప్పిన మాటను దాని ప్రక్కను వ్రాసికొంటిని.