అంతర్జాల నిఘంటువు, ఇంటి తెలుగు: తరగతి గదిలో ఒక పరిశీలన

తెలుగు నిఘంటువులు అంతర్జాలంలోకి వచ్చిన తరువాత, ఆంధ్రేతర ప్రాంతాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుడి పని కొంత సులువైంది, కొంత చిక్కుపడింది. సులువైన సంగతి అందరికీ తెలిసినదే. షికాగో విశ్వవిద్యాలయం వారు తమ దక్షిణాసియా నిఘంటువుల వరుసలో బ్రౌను, గ్విన్ నిఘంటువులను ఉంచారు. ఆంధ్రభారతి వారి నిఘంటుశోధనలో ఒక్క మాట అడిగితే అనేక కోశాలు ఒకేసారి జవాబు చెబుతాయి. హోసూరులోనో బరంపురంలోనో చదువుకొనే విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు. చిక్కుపడిన సంగతిని గురించే ఇక్కడ విచారిస్తున్నాము.

ఉపాధ్యాయులకు జరిగే కంప్యూటరు శిక్షణలు, మేము చూసినంతలో, ఏ మీట నొక్కాలో చెబుతాయి గాని పెట్టెలో ఏముందో చెప్పవు. షికాగో వారి తెరపై బ్రౌను పేరుతో కనిపించేది 1852 నాటి తొలి ముద్రణ కాదు, 1903లో ఇతరులు సవరించి వేసిన కూర్పు. శబ్దరత్నాకరం 1885 నాటిది. బహుజనపల్లి సీతారామాచార్యులు గారి దృష్టి కావ్యభాష మీద. గ్విన్ నిఘంటువు 1991లో వచ్చింది; అది ఆధునిక భాషకు ఉద్దేశించినది. ఉద్దేశాలు వేరు, కాలాలు వేరు. పుస్తకాలుగా చేతికి వచ్చినప్పుడు అట్టా కాగితమూ చూడగానే ఆ తేడా తెలిసేది. తెర మీద అందరూ ఒకే అచ్చులో, ఒకే పంక్తిలో కూర్చుంటారు. వీరిలో ఎవరు ఎవరో చెప్పవలసిన బాధ్యత ఇప్పుడు ఉపాధ్యాయుడిది.

అంతకంటె పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. నిఘంటువు శీర్షికాపదాన్ని మాత్రమే ఎరుగును. విద్యార్థి ఎరిగినది వాక్యాన్ని. ‘రాలేదు’ అనే మాటకు అర్థం కావలసినవాడు ‘వచ్చు’ దగ్గరకు వెళ్లాలని ఎవరు చెప్పాలి? ‘తేలేదు’కు ‘తెచ్చు’ అనీ, ‘నోట్లో’కు ‘నోరు’ అనీ శోధనపెట్టె దానంతట అది చెప్పదు. మా తరగతిలో ఈ వైఫల్యాన్నే పాఠంగా చేశాము. ‘ఇంట్లో’, ‘ఏట్లో’, ‘చేతిలో’ అని వెదకించి, దొరకకపోయిన తరువాత ఇల్లు–ఇంటి, ఏరు–ఏటి, చేయి–చేతి అని జతలు రాయించాము. ఔపవిభక్తికం అనే పేరు చివర చెప్పాము. వ్యాకరణం పుస్తకంలో ఎన్నిమార్లు చదివినా పట్టుబడని సంగతి, మాట దొరకలేదన్న పట్టుదల వల్ల ఒక గంటలో పట్టుబడింది. సాధనం గొప్పదనం ఇందులో ఏమీ లేదు. దాని లోపం మనకు అక్కరకు వచ్చిందంతే.

కాని అన్ని వైఫల్యాలూ ఇట్లా అక్కరకు రావు. ఇంట్లో ‘ఒచ్చినాడు’, ‘చేస్తా ఉండాడు’ అనే పిల్లవాడు తాను పలికినట్టే ఫోనులో రాయబోతే, అది ‘వచ్చాడు’, ‘చేస్తున్నాడు’ అని అందిస్తుంది. కంప్యూటరులో అక్షరదోష పరీక్ష ఉంటే మాట కింద ఎర్రగీత పడుతుంది. ఒచ్చు అన్న రూపం తప్పు కాదు, పదాది వకారం విషయంలో మాండలికాలలో కలిగిన మార్పు. ఈ సంగతి ఎర్రగీతకు తెలియదు. మూడు తరాలుగానో ముప్పయి తరాలుగానో పొరుగుభాషల నడుమ నిలిచిన మాటను, నిన్న వచ్చిన యంత్రం తెలుగు కాదన్నట్టు చూస్తే, విద్యార్థి యంత్రాన్నే నమ్ముతాడు. మా అవ్వ మాట్లాడేది తెలుగేనా సార్ అని అడిగినవారు మా తరగతులలో ఒకరిద్దరు కారు. పరీక్షలో ప్రమాణభాష రాయవలసిందే, దానిని మేము కాదనడం లేదు. ప్రమాణం కానిదంతా తప్పు అనడం వేరే సంగతి.

బడిలో మొదట చదివిన లిపి కూడా ఈ పెట్టె ముందు బయటపడుతుంది. తమిళలిపి చదివి వచ్చిన పిల్లలకు కుడి, గుడి అనే మాటల తేడా చెవికి బాగా తెలుసును. రాతలో మాత్రం తడబడతారు, తమిళంలో రెండింటికీ ఒకటే అక్షరం గనుక. దేవాలయం కోసం ‘కుడి’ అని వెదికితే నిఘంటువు తప్పు అనదు, కుడిచేతి వైపు తీసుకొనిపోతుంది. దొరకని మాటకంటె తప్పుగా దొరికిన మాట ఎక్కువ ప్రమాదం. కన్నడలిపి వచ్చిన కోలారు పిల్లలకు ఈ బాధ లేదు. రోమను అక్షరాలలో తెలుగు కొట్టే అలవాటు మాత్రం అందరినీ ఒకే రీతిగా పాడుచేస్తున్నది: ల, ళ, న, ణ, హ్రస్వం, దీర్ఘం అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

దంత్య చ, జ లను గురించి ఒక మాట. యూనికోడులో ౘ, ౙ లకు 2008లో చోటు దొరికింది. సంకేతపట్టికలో చోటు ఉన్నంత మాత్రాన అక్షరం ఫోను మీటల మీద సులువుగా కనిపిస్తుందని కాదు. మరాఠీలోనూ ఈ ధ్వనులు ఉన్నాయి కనుక షోలాపురం విద్యార్థికి ‘ౘాప’ పలకడం నేర్పనక్కరలేదు. అతడు పలికినదాన్ని రాసి చూపడమే కష్టం.

కాబట్టి ఈ పనిముట్టును తీర్పరిగా కాక, సాక్షులలో ఒకరుగా వాడుకోవాలని మా అభిప్రాయం. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం రైతుల నోటి నుంచి మాటలు సేకరించి చేసినది. ఆ దారినే, చిన్న ఎత్తున, మా విద్యార్థులు నడుస్తున్నారు. నిఘంటువులో దొరకని ప్రతి ఇంటి మాటనూ పెద్దల గొంతుతో ఫోనులో పట్టి, పక్కన అర్థం, ఊరు, వాడే సందర్భం పట్టికలో రాస్తున్నారు. గొంతు ఉంది కనుక అక్షరం మీద తగవు వస్తే మళ్లీ వినవచ్చును. ప్రస్తుతం ఉన్న తగవు ‘ఒచ్చు’ గురించి. దానిని ఒకారంలో పెట్టాలా, వకారంలో పెట్టి ఇక్కడ చూడుమని రాయాలా అని రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఒకారం పక్షం వారు ఎక్కువమంది. పట్టికలో ఇప్పటికి అది ఒకారంలోనే ఉంది.