'పరజా' నవలలో అడవి అనుమతి

గోపీనాథ మహంతి ఒడియా నవల 'పరజా' (1945)ను వడ్డీ వ్యాపారి దౌష్ట్యాన్ని చిత్రించిన రచనగా చదవటం పరిపాటి. సాహుకారు రామచంద్ర బిసోయి పాత్ర అందుకు తగినంత ఆధారాన్ని ఇస్తుంది కూడా. అయితే ఇందులోని మూలాన్యాయం సాహుకారు ఇంటి గుమ్మంలో పుట్టలేదు. అడవి అంచున, ఒక నోటిమాటలో పుట్టింది.

కొరాపుట్ కొండల్లో నివసించే సుక్రు జాని కోరుకునేది మరికొంత సాగునేల. అడవి నరుక్కోవటానికి ఫారెస్టు గార్డు నోటితో అనుమతి ఇస్తాడు. సుక్రు కూతురు జిలిపై కన్నువేసి భంగపడిన పిమ్మట ఆ గార్డే అదే నరుకుడును నేరంగా చూపుతాడు. జరిమానా కోసం అప్పు, అప్పు తీర్చటానికి 'గోతి' అనే వెట్టి ఒప్పందం, ఆపైన భూమి తాకట్టు! సారా కాచి పట్టుబడిన పెద్దకొడుకు మండియా కూడా అదే వెట్టిలోకి దిగుతాడు. ఆడపిల్లలు రోడ్డు పనికి కూలీలుగా వెళతారు. తాతల నాటి నుండి అడవిని అనుభవిస్తున్న కుటుంబం ఏ పని చేసినా ఎవరో ఒకరి దయకు లోబడవలసిందే. రచయిత స్వయంగా ప్రభుత్వాధికారి. దస్త్రానికి ఎక్కని మాట విలువ ఎంతో ఆయనకు తెలుసు. అందుకే ఈ ఘట్టాలలో ఆవేశం కన్న నిదానం ఎక్కువ.

నా అభ్యంతరం ముగింపు గురించి. తాకట్టు భూమి తిరిగి దక్కదని తేలిన తరువాత సాహుకారును గొడ్డలితో నరికి, తండ్రీకొడుకులు పోలీసులకు లొంగిపోతారు. పాఠకుని కోపం అక్కడ చల్లారుతుంది. గార్డు మాత్రం ఆ కోపానికి చిక్కకుండా తప్పుకుంటాడు. అతనికి అంతటి అధికారం ఇచ్చిన చట్టం సంగతి సరేసరి. అడవిపై ఊరందరికీ ఉన్న హక్కు ఊరి నోట ఒక వాదంగా రూపొందదు. కొండల సౌందర్యానికి అన్ని పుటలు కేటాయించిన రచనలో ఇది చిన్న లోపం కాదు.

1936 వరకు మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో భాగమైన ఆ సీమ కథ మనకు పరాయిది కాదు. కొరాపుట్ నుండి 1992లో విడివడిన రాయగడ జిల్లాకూ, పొరుగున ఉన్న కలహండికీ నడుమ నియమగిరి ఉంది. అక్కడ బాక్సైటు తవ్వకం విషయంలో గిరిజనుల హక్కులను గ్రామసభలే పరిశీలించాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఏడాదే సమావేశమైన 12 గ్రామసభలూ తవ్వకాన్ని నిరాకరించాయి. సుక్రు జాని ఊరిలో అటువంటి సభను ఎవరూ పిలవలేదు.