పీట కొలతతో మొదలయ్యే స్నానాల గది

సూరత్‌లో వేసు, పాల్, అడాజన్ వైపు కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లలో స్నానాల గదికి డబ్బు ధారాళంగానే పెడుతున్నారు. గాజు తలుపులు, పైకప్పు నుంచి కురిసే షవర్లు, ఇటాలియన్ మార్బుల్, పడుకుని మునిగే తొట్టి... అన్నీ ఖరీదైనవే. కానీ నరక చతుర్దశి నాడు తెల్లవారుజామున ఇంటి పెద్దావిడ నువ్వుల నూనె గిన్నె పట్టుకుని వస్తే, మనవణ్ణి ఎక్కడ కూర్చోబెట్టి తలంటాలో ఆ గదిలో చోటు దొరకదు. నున్నటి టైల్ మీద నూనె చుక్క పడితే కాలు నిలవదు. కుంకుడు పులుసు పెట్టుకోవడానికి గూడు లేదు. చెంబు ముంచడానికి నీళ్ళ పాత్ర లేదు.

మన స్నానం కూర్చుని చేసేది, పైగా తరచుగా ఇద్దరు కలిసి చేసేది. ఒకరు పీట మీద కూర్చుంటే ఇంకొకరు నలుగు పెట్టి, వీపు రుద్ది, నీళ్ళు పోస్తారు. పసిబిడ్డకు, బాలింతకు, పెళ్ళికూతురికి, పెద్ద వయసు వాళ్ళకు చేయించేవన్నీ ఇలాంటి స్నానాలే. ఇప్పటి బాత్‌రూముల కొలతలు మాత్రం ఒంటరిగా నిలబడి స్నానం చేసే మనిషికి సరిపోయేవి. అందుకే సంప్రదాయ పద్ధతిలో గది కట్టించుకుంటామని చెప్పి ఇత్తడి కుళాయిలు, నెమలి బొమ్మల టైల్స్ పెట్టించుకున్నా ఫలితం ఉండదు. కూర్చున్న మనిషి ఒంటి కొలతతో గదిని మొదలుపెట్టాలి. అలా మొదలుపెడితే మిగతావన్నీ వాటంతట అవే వరసలోకి వస్తాయని నా నమ్మకం.

సూరత్‌లో ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఆ ఊళ్ళో మగ్గాల మీద బతికాయి. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు మాట వీధుల్లోనే వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఒకే గదిలో సంసారం ఈదిన ఆ కుటుంబాల పిల్లలు ఇప్పుడు సొంత ఇళ్ళు కట్టుకుంటున్నారు. వాళ్ళ తాతల ఊళ్ళో గోలెం, కాగు ఉండేవి. వాళ్ళున్న గుజరాత్‌లో మేలైన రాయి, కలప, రాగి పని ఉన్నాయి. ఈ రెంటినీ కలుపుకోగలిగే అవకాశం వాళ్ళకు చేతికందేంత దగ్గరలో ఉంది.

ముందు కొలతలు. పీట ఎత్తు నాలుగైదు అంగుళాలు. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తు నేల నుంచి రెండున్నర అడుగులు. గోడలో గూళ్ళు అక్కడ రావాలి: ఒకటి నూనెకు, ఒకటి సున్నిపిండికి, ఒకటి దీపానికి. కుళాయి మూతి కింద బకెట్టో గంగాళమో పట్టేంత ఎత్తులో ఉంటే చాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ కోసం గోడకు ఆనించి అడుగున్నర ఎత్తులో రాతి అరుగు కట్టించాలి. పీట చుట్టూ నీళ్ళు పోసే మనిషి తిరగడానికి చోటు కావాలి, అంటే నాలుగడుగులకు ఐదడుగులు తగ్గకూడదు. ఇదంతా గది నేల కంటే రెండంగుళాలు పల్లంలో ఉండాలి. నేల వాలు అడుగుకు పావు అంగుళం చొప్పున తూము వైపు పోవాలి. మరుగుదొడ్డిని మన పాత ఇళ్ళు ఎప్పుడూ స్నానాల గదితో కలపలేదు. ఫ్లాటులో పూర్తిగా విడదీయడం కుదరకపోతే మధ్యలో ఒక గోడైనా లేపించండి.

రాయి విషయానికొస్తే మనవాళ్ళకు ఇంట్లో చుట్టం లాంటిది ఒకటి సూరత్ దుకాణాల్లోనే దొరుకుతుంది. నల్లటి కడప బండను అక్కడ కడప్పా అనే పేరుతోనే అమ్ముతారు. వంటింటి అరలకూ గట్లకూ అదే వాడతారు. నేలకు రాజస్థాన్ నుంచి వచ్చే కోటా రాయి. రెండూ సున్నపురాళ్ళే. వాటిని అద్దంలా పాలిష్ పట్టించడమే మనం చేసే పొరపాటు. స్నానం చేసే చోట గరుకుగా ఉన్న బండే వేయించాలి. నూనె కాళ్ళతో నడిచినా పట్టు ఉంటుంది, ఏళ్ళ తరబడి వాడితే పాదం తగిలే చోట దానంతట అదే మెత్తబడుతుంది. అరుగు పైభాగానికి మాత్రం సన్నగా నూరిన కడప బండ బాగుంటుంది. ఈ రాళ్ళకు శత్రువు ఒక్కటే, యాసిడ్. బాత్‌రూము కడగడానికి తెచ్చే యాసిడ్ సీసా సున్నపురాయిని తినేస్తుంది, నిమ్మరసం కూడా మచ్చ చేస్తుంది. కుంకుడు నీళ్ళు, కొబ్బరి పీచు చాలు.

ఇక గోడలు. ఈ గదిలో నిజమైన విలాసం గోడల్లోనే ఉంది, సంప్రదాయపు పనితనం పూర్తిగా కనిపించేది కూడా అక్కడే. మన వైపు గానుగ సున్నం అన్నా, రాజస్థాన్‌లో ఆరాయిష్ అన్నా మూలం ఒకటే. కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో విరగబోస్తారు. కుతకుత ఉడికి వెన్నలా మారిన ఆ సున్నాన్ని నీళ్ళ కిందే నెలల తరబడి ఊరనిస్తారు. చివరి పూతకు వాడేదాన్ని ఏడాది పైన ఊరబెట్టే మేస్త్రీలున్నారు. ఎంత ఊరితే అంత మెత్తన, అంత జిగురు. మొదటి పూతలో సున్నంతో పాటు ఇసుక, ఇటుక పొడి కలుపుతారు. సుర్ఖీ అనే ఆ ఇటుక పొడి సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది. అందుకే పాతకాలపు నీటి తొట్లకూ బావి గోడలకూ అదే వాడారు. ఈ పూతల్లో కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేది పని తేలిక కావడానికి, పూత త్వరగా ఎండి పగలకుండా ఉండటానికి.

పై పూతలు పలచగా, సున్నమూ పాలరాతి పొడీ కలిపి వేస్తారు. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పూత ఇంకా తడి ఆరకముందే, అరచేతిలో ఇమిడే హకీక్ (అగేట్) రాయితో రుద్దడం మొదలుపెడతారు. రాయి వెళ్ళిన దారిలో మొదట బూడిద రంగు చార కనిపిస్తుంది. రెండోసారి వెళ్ళేసరికి చార పోయి మెరుపు వస్తుంది. గట్టిగా ఒత్తితే పూత లేచిపోతుంది, ఆలస్యం చేస్తే రాయి గీతలు పెడుతుంది. పొద్దున మొదలుపెట్టిన గోడను మధ్యలో వదిలి మర్నాడు అతకడం కుదరదు, అతుకు జీవితాంతం కనిపిస్తుంది. ఆఖరున కొబ్బరితో రుద్ది జిడ్డు పట్టిస్తారు. ఈ హకీక్ రాయి సూరత్‌కు దూరపు సరుకేం కాదు. రాజ్‌పిప్లా కొండల్లోని రతన్‌పూర్ దగ్గర తవ్వి, ఖంభాత్‌లో సాన పట్టే రాయి అది. ఖంభాత్ పనివాళ్ళ చేతి పూసలు శతాబ్దాల పాటు ఆఫ్రికా దాకా వెళ్ళాయి.

సున్నం గోడ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా తిరిగి రాయిగా మారుతుంది. దానికి క్షారగుణం ఉండటం వల్ల బూజు త్వరగా పట్టదు. సముద్రపు తేమ ఏడాది పొడవునా ఉండే సూరత్ లాంటి ఊరికి ఇంతకంటే మంచి గోడ లేదు. అయితే నీళ్ళు నేరుగా కొట్టే చోట ఒట్టి ఆరాయిష్‌ను నమ్మకూడదు. మొరాకోలో మర్రకేష్ వాళ్ళు దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టారు. తాదెలాక్త్ అనే వాళ్ళ సున్నపు పూతను రాయితో రుద్దాక ఆలివ్ నూనెతో చేసిన నల్ల సబ్బు పట్టిస్తారు. సబ్బు, సున్నం కలిసి నీళ్ళు అంటని పొరగా మారతాయి. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరికితే సరే. లేకపోతే నేల నుంచి నాలుగడుగుల దాకా రాతి పలకలు వేయించి, పైన ఆరాయిష్ చేయించడం మేలు.

వేడినీళ్ళ సంగతికి వస్తే, మన ఇళ్ళలో పొయ్యిలో దించిన కాగు ఉండేది. గుజరాత్ ఇళ్ళలో, ముఖ్యంగా పార్సీ ఇళ్ళలో రాగి బంబా ఉండేది. నిలువు పీపా, నడుమ పొగగొట్టం, అందులో బొగ్గులు, చుట్టూ నీళ్ళు, పక్కన కుళాయి. కంసారాలనే రాగి పనివాళ్ళు రేకును సుత్తితో సాగదీసి చేసిన ఆ బంబాలు పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. కొనుక్కోండి, గదికి నిండుదనం వస్తుంది. కానీ మూసి ఉన్న ఫ్లాటులో బొగ్గులు మాత్రం రాజెయ్యకండి. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, ప్రాణం తీస్తుంది. గ్యాస్ గీజరైనా గది బయటే ఉండాలి. మిద్దె మీద సోలార్ హీటర్ పెట్టించుకుని ఆ నీళ్ళను రాగి పాత్రలోకి పట్టుకోవడం ఉత్తమం. గంగాళం కావాలంటే జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు పనివాళ్ళున్నారు, కావలసిన కొలతకు చేయించుకోవచ్చు. చింతపండుతో తోమిన రాగి మెరుపును ఏ క్రోమ్ పూతా ఇవ్వలేదు.

కలప తక్కువగా వాడాలి, వాడినంత మేర టేకే వాడాలి. సూరత్‌కు ఆగ్నేయంగా ఉన్న డాంగ్ అడవుల టేకుకు పాతకాలం నుంచీ పేరుంది. తలుపు, పీట, అద్దం చట్రం, ఈ మూడు చాలు. అద్దం చట్రానికి సూరత్ సొంత కళ సాదేలీ ఉండనే ఉంది. పార్సీల ద్వారా పర్షియా నుంచి వచ్చిందని చెప్పే ఈ పనిలో రకరకాల రంగుల కలప పుల్లలను మూడు మూలలు, ఆరు మూలలు వచ్చేలా చెక్కి, కట్టగా అతికించి, అడ్డంగా పలచటి రేకుల్లా కోస్తారు. ప్రతి రేకులోనూ అదే నక్షత్రం. చేసే కుటుంబాలు చాలా కొద్ది. తడి తగలని గోడ మీద పెట్టుకుంటే తరాలు నిలుస్తుంది.

నీళ్ళనూ వెలుగునూ మన పాతవాళ్ళు ఎంత శ్రద్ధగా చూసుకున్నారో సూరత్ మీదుగా పారే తపతి నదికి ఎగువన, బుర్హాన్‌పూర్‌లో కనిపిస్తుంది. సూరత్ రేవు సరుకు ఆగ్రా వెళ్ళే దారిలో ఉన్న ఊరది. నది అంచున ఉన్న కోటలోని షాహీ హమామ్ అనే రాజుల స్నానశాలలో చిత్రాలు వేసిన పైకప్పు ఇంకా మిగిలి ఉంది. ఆ ఊరికి నీళ్ళిచ్చిన కుండీ భండారాను 1615లో కట్టారు. సాత్పురా కొండల పాదాల దగ్గర ఊరిన నీళ్ళను భూగర్భ సొరంగాల గుండా, మోటార్లు లేకుండా, ఒక్క వాలుతోనే ఊళ్ళోకి తెచ్చారు. హమామ్‌లు కట్టినవాళ్ళు పక్కగోడలకు పెద్ద కిటికీలు పెట్టలేదు, వెలుతురును పైనుంచి దింపారు. ఫ్లాటులో గుమ్మటం కుదరదు కానీ తూర్పు గోడలో తల పైన రాతి జాలీ పెట్టించుకోవచ్చు. చాటు ఉంటుంది, ఆవిరి బయటకు పోతుంది, పొద్దుటి వెలుగు నేల మీద పడుతుంది.

ఇంత చెప్పాక ఒక్క విన్నపం. కుళాయిలు, అద్దాలు ఆఖరి వారంలో కొన్నా దొరుకుతాయి. ఊరిన సున్నం దొరకదు. దాన్ని రుద్దడం తెలిసిన మేస్త్రీలు ఏటికేడు తగ్గిపోతున్నారు, పని ఉంటేనే కొడుకులకు నేర్పుతారు. ఇల్లు కట్టించే ఆలోచన ఉంటే గుంత తవ్వించి సున్నం తడిపించే పని పునాదుల నాడే మొదలుపెట్టించండి. గోడలు లేచే వేళకు అది సిద్ధంగా ఉంటుంది.