కంటికి కనిపించే సహజత్వం: కలంకారీ వస్త్రం - వినియోగదారుని దృశ్యపఠనం

పర్యావరణహితమైన వస్తువును కొనే వ్యక్తి దాని ఉత్పత్తిక్రమాన్ని చూడడు. ఆ క్రమానికి గుర్తులుగా చలామణి అవుతున్న దృశ్యచిహ్నాలను చూస్తాడు. గోధుమరంగు కాగితపు సంచి, ఆకు బొమ్మ, మట్టిరంగులు సహజత్వానికి మారుపేర్లుగా స్థిరపడ్డాయి. ఈ పఠనం ఎక్కడ దారితప్పుతున్నదో తెలుసుకోవడానికి కలంకారీ వస్త్రం మంచి నిదర్శనం.

సంకేతశాస్త్రవేత్త చార్లెస్ శాండర్స్ పర్స్ సంకేతాలను ప్రతిమ, సూచిక, ప్రతీక అని విభజించాడు. పోలికవల్ల అర్థమిచ్చేది ప్రతిమ. నిప్పుకు పొగలాగా కార్యకారణ సంబంధంవల్ల అర్థమిచ్చేది సూచిక. సమాజం ఒప్పుకోవడంవల్ల అర్థమిచ్చేది ప్రతీక. సంచిమీది ఆకు బొమ్మ ప్రతీక మాత్రమే. సంప్రదాయ కలంకారీలోని రంగు హెచ్చుతగ్గులు సూచికలు. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డమీద ఇనుము, బెల్లం పులియబెట్టిన ద్రవంతో నలుపు పుడుతుంది. పటిక తాకినచోట ఎరుపు నిలుస్తుంది. శ్రీకాళహస్తిలో కలం, మచిలీపట్నం-పెడన ప్రాంతంలో చెక్క అచ్చు ఈ పని చేస్తాయి. అచ్చుకూ అచ్చుకూ మధ్య కనిపించే సన్నని అతుకు అక్కడ ఒక చెయ్యి పనిచేసిందనడానికి సాక్ష్యం.

స్క్రీన్ ప్రింటింగ్ ఈ సాక్ష్యాన్నే ప్రతిమగా మార్చింది. రసాయనిక రంగులతో మట్టిఛాయలను తేవచ్చు. అతుకును, మరకను సైతం అనుకరించవచ్చు. లోపమే నాణ్యతకు గుర్తని వినియోగదారుడు నేర్చుకున్న తరువాత లోపాన్ని తయారుచేయడం కష్టమేమీ కాదు. అయితే చేతి అచ్చులో ఏ రెండు పూలూ అచ్చంగా ఒకటి కావు. స్క్రీన్ మీద అదే లోపం సమదూరంలో మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ పునరావృత్తిని గమనించాలంటే కనీసం ఒక గజం గుడ్డ పరచి చూడాలి. చరవాణి తెరమీద కొనేవారికి కనిపించేది ఒక్క పువ్వే. నష్టం అక్కడే మొదలవుతుంది: రోజుల తరబడి సాగే పనికీ, గంటల్లో ముగిసే పనికీ కన్ను ఒకే విలువ కడితే ధర రెండోదానివైపే జారుతుంది.

అధికారిక ముద్రలు ఈ లోటును కొంతే పూడుస్తాయి. 2006లో వచ్చిన చేనేత ముద్ర నేతను ధ్రువీకరిస్తుందే తప్ప రంగును కాదు. భౌగోళిక గుర్తింపు ప్రధానంగా చోటుకు సంబంధించినది. 1991 నాటి ఎకోమార్క్ చిహ్నమైన మట్టికుండ అర్థవంతమైన బొమ్మ. దాన్ని గుర్తుపట్టే కొనుగోలుదారులే అరుదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలు పర్యావరణహితమనే మాటకు ఆధారం చూపాలన్నాయి. మోసపుచ్చనంతవరకు సాధారణ వర్ణయోజనను, బొమ్మలను మాత్రం ఆ పరిధినుంచి మినహాయించాయి. మాటకు రుజువు అడిగిన చట్టం రంగును దాదాపుగా వదిలేసింది. వినియోగదారుడు ముందుగా చదివేది ఆ రంగునే కదా!

మరో చిక్కు ఉంది. అసలైన కలంకారీని గుర్తుపట్టినంతమాత్రాన సుస్థిరతను గుర్తుపట్టినట్లు కాదు. ఈ పనికి పలుమార్లు జాడింపు, ధారాళమైన నీరు, రంగు ఉడికించడానికి వంటచెరకు కావాలి. వస్త్రం మీద ఇవేవీ కనిపించవు. సహజవర్ణం అన్న మాట వెంటే సుస్థిరం అన్న మాటను చేర్చే వాణిజ్యభాష ఈ ఖర్చును కప్పేస్తుంది. హస్తకళల మీది మన వ్యాసాలు కూడా తరచూ అదే పని చేస్తున్నాయి. గుడ్డ మిల్లుదా మగ్గానిదా, ఎరుపు ఏ వేరుది, జాడించిన నీరు ఎటు పోయింది అన్న మూడు విషయాలు చీర అంచున కట్టే చీటీమీద ఉంటే, ఆకు బొమ్మ అవసరం ఎంత మిగులుతుందన్నది పరిశోధకులు క్షేత్రస్థాయిలో పరీక్షించదగిన ప్రశ్న.