పేజ్‌మేకర్ కోసం విండోస్ 98

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేటి కంప్యూటర్‌లో నడపడానికి రెండు దారులున్నాయి. వర్చువల్‌బాక్స్ వంటివి ఆదేశాలను చాలావరకు అసలు ప్రాసెసర్‌కే అప్పజెబుతాయి. 86బాక్స్ వంటి ఎమ్యులేటర్లు ప్రాసెసర్‌తో సహా పాత యంత్రాన్నంతా సాఫ్ట్‌వేర్‌లో కడతాయి. వేగంలో మొదటిదే మేలు. కానీ విండోస్ 98 వేగాన్ని తట్టుకోలేదు. ప్రాసెసర్ 2.1 గిగాహెర్ట్జ్ దాటితే దాని తొలి విడుదలలోని నెట్‌వర్క్ డ్రైవర్ కాలం కొలవబోయి సున్నాతో భాగించే దగ్గర పడుతుంది, బూట్ అవుతూనే కూలబడుతుంది. ర్యామ్ 512 ఎంబీ మించితే, విచిత్రంగా, మెమరీ చాలలేదంటుంది. 86బాక్స్‌లో పాత పెంటియమ్, 128 ఎంబీ ర్యామ్ ఎంచుకుంటే ఆ గొడవ ఉండదు.

పాత సిస్టమ్‌లను ఇలా నడిపే సరదా ఉన్నవాళ్లు పనులు పంచుకుంటారు. ఒకరు ఫ్లాపీల ఇమేజ్ తీస్తారు, ఒకరు బయోస్ వెతుకుతారు, ఇంకొకరు డ్రైవర్లు సరిచూస్తారు. చాలామందికి సాలిటేర్ తెరుచుకుంటే సంబరం. తెలుగుకు మాత్రం అసలు పని అక్కడ మొదలవుతుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్‌లోకి గౌతమి ఫాంటు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. అంతవరకూ, ఆ తర్వాత చాలాకాలమూ, డీటీపీ సెంటర్లలో శుభలేఖలు, పుస్తకాలు కూర్చింది అను వంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను సర్దేవి: తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు మరోచోట. ఒక్కో కంపెనీది ఒక్కో సర్దుబాటు. ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే కనిపించేది పిచ్చి ఇంగ్లీషే. పేజ్‌మేకర్ 2001 నాటి 7వ వెర్షన్‌తో ఆగింది. ఆ ఫైళ్లను తెరవగలిగిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 తర్వాత ఆ పని మానేసింది.

తమిళనాడులో ఇంట తెలుగు, బడిలో తమిళం నడిచే రాజపాళయం, చోళపురం వైపు ఈ చిక్కు తమిళానికీ ఉంది. తమిళనాడు ప్రభుత్వం 1999లో టామ్, టాబ్ అనే అక్షర సంకేత పద్ధతులను ప్రమాణంగా పెట్టి, 2010లో యూనికోడ్‌కు మారింది.

ఎమ్యులేటర్‌లో పేజ్‌మేకర్, ఫాంటు రెండూ ఎక్కించి, పేజీని పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ప్రింట్ చేస్తే పీడీఎఫ్ చేసుకోవచ్చు. అందులో అచ్చు రూపం దక్కుతుంది, యూనికోడ్ పాఠం కాదు. దానికి ఆ ఫాంటు తాలూకు కన్వర్టర్ వేరే కావాలి. ఇంకా రెండు అడ్డంకులున్నాయి. విండోస్ 98కు మైక్రోసాఫ్ట్ 2006లో సపోర్ట్ ఆపినా హక్కులు వదులుకోలేదు. కొన్ని ఫాంటు ప్యాకేజీలకు ప్రింటర్ పోర్టులో తగిలించే తాళం ఉండేది. అది పోయినచోట సీడీ చేతిలో ఉన్నా ప్రోగ్రాం తెరుచుకోదు.